క్రాష్ అయిన ల్యాప్‌టాప్ ముందు కాసేపు కూర్చోనివ్వండి

బీటెక్ మూడో ఏడాది. డేటా సైన్స్ మినీ ప్రాజెక్టు ఇవ్వడానికి వారం గడువుంది. ఆర్ భాషలో ప్రోగ్రాములు రాసే ఆర్‌స్టూడియో తెరవగానే బాంబు బొమ్మతో ఒక పెట్టె వస్తోంది. తీవ్రమైన లోపం వల్ల సెషన్ ఆగిపోయిందని అందులో రాసి ఉంటుంది. విద్యార్థి సాఫ్ట్‌వేర్ తీసేసి, కొత్తగా డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. మళ్లీ బాంబే. ఇంకోసారి చేశాడు. ఫలితం మారలేదు. ఈలోగా ఇంట్లో రెండు తీర్పులు తయారయ్యాయి. ల్యాప్‌టాప్ పాతబడింది, వాయిదాల మీద కొత్తది తీసుకుందామని తండ్రి అంటాడు. వీడికి కోడింగ్ అబ్బలేదు, సెలవుల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణకు చేర్పిస్తే దారిలో పడతాడని మేనమామ అంటాడు.

కౌన్సెలర్ల దగ్గరికి ఈ కథ ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. ఆర్ స్థానంలో ఒకచోట పైథాన్ ఉంటుంది, ఇంకోచోట ఎక్లిప్స్, మరోచోట ఆండ్రాయిడ్ స్టూడియో. తీర్పులు మాత్రం అవే. యంత్రాన్నయినా మార్చాలి, పిల్లవాడినైనా మార్చాలి. ఆ పెట్టె ముందు కుదురుగా కూర్చుని అసలు కారణం వెతకడమనే మూడో దారి ఉందని చాలామందికి తోచదు. తోచినా, పరీక్షలు పెట్టుకుని ఆ పనికి గంటలు ఖర్చు చేయడం దండగ అనుకుంటారు. నిజానికి రేపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక జీతం తీసుకుని చేయాల్సిన పనుల్లో చాలా భాగం అదే.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1949లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటర్ పని మొదలుపెట్టింది. దాన్ని నిర్మించిన బృందానికి నాయకుడైన మారిస్ విల్క్స్ ఆ రోజుల గురించి తర్వాత రాశారు. తన మిగతా జీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతకడానికే పోతుందని ఆయనకు అప్పుడే అర్థమైందట. అంతటి శాస్త్రవేత్తకు తప్పని పనిని ఇరవై ఏళ్ల విద్యార్థి చేస్తుంటే, వీడికి చేతకాదని ముద్ర వేయడం అన్యాయం.

మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా క్రాష్ ఎందుకు ఆగదు? ప్రోగ్రామింగ్‌కు వాడే సాఫ్ట్‌వేర్ అంతా ఒకేచోట ఉండదు. అసలు ప్రోగ్రాము ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. వాడేవారి సెట్టింగులు, అదనంగా దించుకున్న ప్యాకేజీలు, నిన్న ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునే ఫైళ్లు వేరే ఫోల్డర్లలో ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు సాధారణంగా మొదటిది మాత్రమే పోతుంది. రెండో భాగాన్ని కావాలనే ముట్టుకోరు. అందులో వాడేవారి పని ఉంటుంది కాబట్టి తుడిచేస్తే నష్టం. అంటే విద్యార్థి పదిసార్లు తీసి పెట్టినా, పాడైన ఫైలు రెండో భాగంలో ఉంటే పదిసార్లూ అదే కొత్త ప్రోగ్రాముకు చిక్కుతుంది.

ఆర్ భాషనే తీసుకుందాం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ భాషను ఇప్పుడు గణాంక శాస్త్రం చదివే విద్యార్థులు చాలామంది ఏదో ఒక దశలో ముట్టుకుంటున్నారు. 2022 ఏప్రిల్‌లో ఆర్ 4.2 వచ్చినప్పుడు విండోస్‌లో రెండు పెద్ద మార్పులు జరిగాయి. ఒకటి, వాడేవారి ప్యాకేజీల ఫోల్డర్ డాక్యుమెంట్స్ నుంచి యాప్‌డేటా అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లోకి మారింది. రెండు, అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కు మారి, దానితోపాటు కింద పనిచేసే సీ లైబ్రరీ కూడా మారింది. సీ, సీ++ కోడ్‌తో తయారైన ప్యాకేజీలను కొత్త వెర్షన్ కోసం మళ్లీ ఇన్‌స్టాల్ చేయక తప్పదు. కొత్త ఆర్ ఎక్కించగానే పాత ప్యాకేజీలు కనిపించవు. గడువు తరుముతుంటే అన్నీ మళ్లీ దించుకునే ఓపిక ఉండదు. విద్యార్థి స్నేహితుడి సలహాతో పాత ఫోల్డర్‌లో ఉన్నదంతా కాపీ చేసి కొత్తదాంట్లో పడేస్తాడు. కొన్ని ప్యాకేజీలు బాగానే నడుస్తాయి. ఒక్కటి మాత్రం లోడ్ కాగానే మొత్తం సెషన్‌ను కూలదోస్తుంది.

ఇంకో సాధారణ కారణం పాత డేటా. ఆర్‌స్టూడియోను మూసేటప్పుడు వర్క్‌స్పేస్ సేవ్ చేయాలా అని అడుగుతుంది. విద్యార్థి అలవాటుగా అవునంటాడు. ఆ డేటా అంతా ఒక ఫైలులో చేరుతుంది, తర్వాత తెరిచిన ప్రతిసారీ మెమరీలోకి వస్తుంది. ఆ ఫైలు చెడినా, ల్యాప్‌టాప్ మెమరీకి మించిపోయినా తెర తెరుచుకోకముందే అంతా ఆగిపోతుంది. ఆప్షన్లలో ఒక్క టిక్కు తీసేస్తే ఈ బాధ ఉండదు. అనుభవమున్న ఆర్ గురువులు మొదటి తరగతిలోనే తీయించే టిక్కు అది. మన కాలేజీ ల్యాబుల్లో దాని ప్రస్తావన వచ్చేది తక్కువ.

మరి ఎలా వెతకాలి? మొదట చేతిని కీబోర్డు మీంచి తీసి ఒక నోట్‌బుక్ అందుకోవాలి. చివరిసారి ఎప్పుడు సరిగ్గా పనిచేసింది? ఆ తర్వాత ఏం మారింది? విండోస్ అప్‌డేటా, కొత్త ప్యాకేజీయా, యాంటీవైరసా? ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది. తర్వాత ఆర్‌స్టూడియోను పక్కనపెట్టి ఆర్‌ను ఒంటరిగా తెరవాలి. అక్కడ బాగా నడిస్తే తప్పు ఆర్‌స్టూడియోలోనో, దాని సెట్టింగుల్లోనో ఉన్నట్టు. అక్కడా కూలితే తప్పు ఆర్‌లోనో, ప్యాకేజీల్లోనో ఉంది. ఆర్‌ను పాత సెట్టింగులూ పాత డేటా ఏవీ చదవకుండా తెరిచే పద్ధతి ఉంది, దాన్ని వెనిల్లా అంటారు. వెనిల్లాలో నిలబడి మామూలుగా తెరిస్తే పడిపోతోందంటే, దోషి ఆ సెట్టింగుల ఫైళ్లలోనో, పాత డేటాలోనో ఉన్నట్టే. అక్కడ తప్పు దొరక్కపోతే ప్యాకేజీలను ఒక్కొక్కటిగా లోడ్ చేస్తూ పోవాలి. ఏది పిలవగానే కూలిందో దాన్నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

ఒక జాగ్రత్త మాత్రం విడవకూడదు. అనుమానం వచ్చిన ఫోల్డర్‌ను డిలీట్ చేయకూడదు, పేరు మార్చాలి. అనుమానం తప్పయితే పాత పేరు పెట్టేసి వెనక్కి రావచ్చు. ఒకేసారి నాలుగు మార్పులు చేయడం కూడా వద్దు. సమస్య పోయినా ఏ మార్పు వల్ల పోయిందో తెలియదు. తెలియకపోతే వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ మొదటికొస్తుంది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే పుస్తకం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఎన్ని గంటలకు కూలిందో, కూలినప్పుడు ఏ మాడ్యూల్ నడుస్తోందో అందులో నమోదవుతుంది. ఆ మాడ్యూల్ పేరే చాలాసార్లు సగం జవాబు. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారైనా తెరిచారా అని విద్యార్థులను అడిగితే, లేదన్నవారే ఎక్కువగా కనిపిస్తారు. సిలబస్‌లో లేదు కాబట్టి పిల్లల్ని తప్పుపట్టాల్సిన పనిలేదు.

మిగతా ప్రోగ్రామింగ్ వాతావరణాల్లోనూ కథ ఇంచుమించు ఇదే. పైథాన్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తాను ఏ పైథాన్ మీద తయారైందో దాని చిరునామాను రాసి పెట్టుకుంటుంది. అసలు పైథాన్‌ను తీసి మరోచోట పెడితే ఆ చిరునామా చెల్లదు, వాతావరణాన్ని కొత్తగా తయారుచేసుకోవడమే మేలు. వీఎస్ కోడ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఎక్స్‌టెన్షన్లు యూజర్ ఫోల్డర్‌లో మిగిలిపోతాయి. తప్పు చేస్తున్న ఎక్స్‌టెన్షన్‌ను సగం సగం ఆపుతూ పట్టుకునే సదుపాయం అందులోనే ఉంది. ఎక్లిప్స్ అయితే వర్క్‌స్పేస్‌లోని మెటాడేటా ఫోల్డర్‌లో లాగ్ రాసి పెడుతుంది. చదివేవారి కోసమే అది ఉంది.

పల్లెలో బోరు మోటారు ఆగిపోతే రైతు నేరుగా కొత్త మోటారు కొనడు. ముందు కరెంటు ఉందా చూస్తాడు, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టరు, అప్పటికీ కదలకపోతే మోటారు పైకి తీయిస్తాడు. ఆ రైతే తండ్రిగా కొడుకు ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి వరస తప్పుతున్నాడు. ఆయనకు తెలిసిన విద్యే పిల్లవాడు నేర్చుకుంటున్నాడని ఎవరైనా చెబితే, నమ్మకంతో సమయం ఇవ్వగలడు.

కంపెనీలు ఈ విద్యకు ఎంత విలువ ఇస్తాయో 2024 చూపించింది. ఆ ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి సుమారు 85 లక్షలు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. ఆగిపోయిన కంప్యూటర్లను బాగుచేయడానికి చాలావరకు విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం రాలేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక నిర్దిష్టమైన ఫైలును తీసేస్తే కంప్యూటర్ లేచి కూర్చుంది. కారణం తెలిసినవారు యంత్రం తర్వాత యంత్రం దగ్గరికి వెళ్లి ఆ పని చేశారు. యంత్రాన్ని కనీస సెట్టింగులతో తెరిచి, తప్పు చేస్తున్న ఫైలును వేరు చేయడమే ఆ పని. ఆర్‌స్టూడియో ముందు విద్యార్థి చేయాల్సిందీ సరిగ్గా అదే, స్థాయి మాత్రమే వేరు.

అదే ఏడాది మార్చిలో జరిగిన మరో సంఘటన ఇంకా గొప్పది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లైనక్స్ యంత్రంలో లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. పోనీలే అనుకోలేదు. లాగుతూ పోతే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని దాచిన దొంగదారి బయటపడింది. అది అలాగే లైనక్స్ సర్వర్లలోకి చేరి ఉంటే ఎంత నష్టం జరిగేదో ఊహించలేం. ఏ సర్టిఫికెట్ కోర్సూ అర సెకను తేడాను పట్టించుకోమని నేర్పదు. ఎందుకిలా జరుగుతోందన్న ప్రశ్నను వదలకుండా ఉండే అలవాటు మాత్రం నేర్పుతుంది. ఆ అలవాటు పడేది సొంత ల్యాప్‌టాప్ మొరాయించినప్పుడే.

ఇక్కడ తల్లిదండ్రుల్లో పాతుకుపోయిన ఒక అపోహను గట్టిగా ఖండించాలి. కోడ్ రాసేవాడే ఇంజనీరు, కూలినదాన్ని బాగుచేసేవాడు మెకానిక్ అన్నది ఆ అపోహ. సపోర్ట్ ఉద్యోగమనగానే ముఖం ముడుచుకునే కుటుంబాలున్నాయి. పెళ్లి సంబంధాల్లో కూడా డెవలపర్ అని చెప్పుకోవడానికి ఇష్టపడేవారు సపోర్ట్ అని చెప్పడానికి జంకుతారు. నిజానికి గూగుల్ 2003లో బెన్ ట్రేనర్ స్లాస్ అనే ఇంజనీరుకు సర్వీసులు కూలకుండా చూసే బృందాన్ని అప్పగించింది. ఆ పని చేసేవారికి సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లన్న పేరొచ్చింది. ఇప్పుడు బ్యాంకులు, విమాన సంస్థలు, చెల్లింపుల యాప్‌లు అన్నీ ఇలాంటివారి కోసం చూస్తున్నాయి. ఆ బృందం 2016లో రాసిన పుస్తకాన్ని గూగుల్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. అప్లికేషన్ సపోర్ట్, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, బిల్డ్ అండ్ రిలీజ్, క్లౌడ్ ఆపరేషన్స్, టెస్టింగ్... ఇవన్నీ ఆ దారిలోని మజిలీలే. అయిదేళ్ల అనుభవమున్న మంచి సపోర్ట్ ఇంజనీరుకు సిస్టమ్ మొత్తం ఎలా నడుస్తుందో తెలిసినంతగా, ఒకే మాడ్యూల్ రాసుకుంటూ కూర్చున్న డెవలపర్‌కు తెలియకపోవచ్చు.

ఈ దారిలో కష్టాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. రాత్రి షిఫ్టులు ఉంటాయి. పండగనాడు ఫోను మోగుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఫిర్యాదు టికెట్ అందుకుని పై బృందానికి పంపడమే పనిగా ఉండే మొదటి అంచె ఉద్యోగంలో ఏళ్ల తరబడి ఇరుక్కుపోవడం. చేరిన ఏడాది, ఏడాదిన్నరలో లాగులు చదవడం, స్క్రిప్టు రాయడం, కారణం కనిపెట్టి నివేదిక ఇవ్వడం లాంటి పనులు దక్కకపోతే వేరేచోట వెతుక్కోవడం మేలు. జీతం కాస్త తక్కువైనా అసలు కారణం వరకూ వెళ్లనిచ్చే చిన్న కంపెనీ, ముందే రాసిచ్చిన జవాబులు చదివించే పెద్ద కంపెనీ కన్నా మొదటి ఉద్యోగానికి మంచిది.

అమీర్‌పేట సంగతికొద్దాం. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గల్లీల్లో ఉన్న శిక్షణ కేంద్రాలు జిల్లాల నుంచి వచ్చిన ఎంతోమంది పిల్లలను ఉద్యోగాల్లో నిలబెట్టాయి. తక్కువ ఫీజుకు మంచిగా చెప్పే గురువులు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ మేలును కాదనడం లేదు. బాధంతా అక్కడ నేర్పే పద్ధతి గురించి. చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ అంతా ముందే ఇన్‌స్టాల్ చేసిన యంత్రం మీదో, క్లౌడ్ ల్యాబ్‌లోనో పాఠం నడుస్తుంది. తరగతిలో ఏదీ కూలదు. కూలితే గురువుగారే వచ్చి రెండు క్లిక్కుల్లో సరిచేస్తారు, క్లాసు ఆగకూడదు కదా. నాలుగు నెలల తర్వాత విద్యార్థి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ప్రాజెక్టూ ఉంటుంది. అది అందరికీ ఒకటే ప్రాజెక్టు. కంపెనీలో మొదటి రోజు తనకిచ్చిన ల్యాప్‌టాప్‌లో అదే ప్రాజెక్టును నడపమంటే చేతులాడవు.

ఫుల్‌స్టాక్, డేటా సైన్స్, ఏఐ అని రెండేళ్లకో బోర్డు మారుతుంది. బోర్డు ఏదైనా, ఫీజు కట్టేముందు కుటుంబం అడగాల్సిన ప్రశ్నలు మారవు. విద్యార్థి తన సొంత ల్యాప్‌టాప్‌లో అన్నీ తానే ఇన్‌స్టాల్ చేస్తాడా? తప్పు వచ్చినప్పుడు ఎవరు వెతుకుతారు? ఒక డెమో క్లాసులో కూర్చుంటే జవాబు కళ్లముందే దొరుకుతుంది.

ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట వినిపించిన చోట మరింత జాగ్రత్తగా ఉండాలి. ఏ శిక్షణ సంస్థా వేరే కంపెనీ తరఫున ఉద్యోగానికి హామీ ఇవ్వలేదు. ఫీజు కట్టలేనివారికి వాయిదాల ఏర్పాటు చేస్తామంటూ కొన్ని సంస్థలు ఫైనాన్స్ కంపెనీ కాగితాల మీద తండ్రితో సంతకం పెట్టిస్తాయి. అది ఫీజు వాయిదా కాదు, అప్పు. తరగతులు మధ్యలో ఆగినా ఆ అప్పు ఆగదు. ఇంకా దారుణమైనవి బ్యాక్‌డోర్ ఉద్యోగాలు. రెండు మూడు లక్షలు తీసుకుని ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి, కొన్నాళ్లు ఖాళీ ఆఫీసులో కూర్చోబెట్టి, ఒకరోజు తాళం వేసి పోయిన కేసులు మాదాపూర్ ప్రాంతంలో పోలీసుల దాకా వెళ్లాయి. పొలం తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చిన కుటుంబాలు ఉంటాయని తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

దొంగ అనుభవం సంగతి కూడా చెప్పాలి. మూడేళ్లు పనిచేసినట్టు కాగితాలు తయారుచేసి ఇస్తామని, ఇంటర్వ్యూలో పక్కనుంచి జవాబులు అందిస్తామని చెప్పేవారున్నారు. కంపెనీలు ఇప్పుడు ఈపీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తున్నాయి. పాత కంపెనీ నుంచి పీఎఫ్ జమ కాలేదని తేలితే ఉద్యోగం పోవడమే కాదు, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగాలకూ అడ్డొస్తుంది. పైగా మూడేళ్ల అనుభవముందని చేర్చుకున్నవాడికి మొదటి వారమే కూలిన సర్వర్ అప్పగిస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పిల్లవాడు ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేడు. ఈ దారి చూపించే బంధువు ఎంత దగ్గరివాడైనా వద్దని చెప్పాలి.

ఇంటర్నెట్‌లోనూ గోతులున్నాయి. ఎర్రర్ సందేశాన్ని వెతికితే ఒక్క క్లిక్కుతో బాగుచేస్తామనే టూళ్లు, పోయిన డీఎల్ఎల్ ఫైలు ఉచితమనే సైట్లు ముందు వరసలో వస్తాయి. వాటిని ముట్టకూడదు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అంతకన్నా ప్రమాదం. ఆర్, పైథాన్, వీఎస్ కోడ్, ఎక్లిప్స్ అన్నీ అధికారిక సైట్లలోనే ఉచితంగా దొరుకుతుంటే దొంగ కాపీ అవసరమే లేదు. ఏఐ చాట్‌బాట్‌ను అడగడం తప్పు కాదు. కానీ అది ఇచ్చిన కమాండు ఏం చేస్తుందో అర్థమయ్యేవరకు నడపకూడదు. ముఖ్యంగా ఫైళ్లు తుడిచే కమాండ్ల దగ్గర ఆగి చదవాలి.

మరి ఏ దారి మంచిది? అర్హతల సంగతి అందరికీ తెలిసిందే: పది తర్వాత పాలిసెట్‌తో డిప్లొమా, అక్కడినుంచి ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాది, ఇంటర్ తర్వాత ఎప్‌సెట్ లేదా బీఎస్సీ, బీసీఏ. డిగ్రీ ఏదైనా ఈ రంగంలో తలుపు మూసి ఉండదు. పాలిటెక్నిక్ నుంచి వచ్చిన పిల్లలను ఈ పనిలో ప్రత్యేకంగా ప్రోత్సహించాలి. ల్యాబులో చేత్తో పనిచేసిన అలవాటు వారికి పెద్ద బలం.

సొంతంగా నేర్చుకోవడానికీ దారులున్నాయి. అమెరికాలోని ఎంఐటీ 2020లో ఒక చిన్న కోర్సు వీడియోలను ఉచితంగా పెట్టింది. కంప్యూటర్ సైన్స్ చదువులో తప్పిపోయిన సెమిస్టర్ అన్న అర్థంలో దాని పేరు ఉంటుంది. షెల్, గిట్, డీబగ్గింగ్ లాంటివి, అంటే తరగతిలో ఎవరూ చెప్పకుండా అందరికీ వచ్చనుకునే విషయాలే అందులో ఉంటాయి. ఎంఐటీ విద్యార్థులకే అవి విడిగా చెప్పాల్సి వచ్చిందంటే, మన కాలేజీల పిల్లలు తమకు తెలియదని సిగ్గుపడక్కర్లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు. ఇంట్లో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంటే దానిలో లైనక్స్ ఎక్కించుకోవచ్చు. కూలినా భయం లేని యంత్రం విద్యార్థికి గొప్ప ఆస్తి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ శిబిరాలు నడుపుతాయి. పక్కన ఒక అన్నో అక్కో కూర్చుని చూపిస్తుంటే భయం త్వరగా పోతుంది.

రెడ్‌హ్యాట్ వారి లైనక్స్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష గురించి కూడా చాలామంది అడుగుతారు. అందులో బిట్లు పెట్టడం ఉండదు. నిజమైన సిస్టమ్ ఇచ్చి పనులు చేయమంటారు. అందుకే దానికి విలువ. ఫీజు మాత్రం సామాన్య కుటుంబానికి భారమే కాబట్టి, లైనక్స్‌లో కనీసం ఏడాది మునిగి తేలాకే ఆ ఆలోచన చేయాలి. అప్పుచేసి రాయాల్సిన పరీక్ష కాదు.

విద్యార్థికి ఖర్చులేని ఒక మంచి పని ఉంది. కూలిన ప్రతిసారీ ఏం కనిపించింది, ఏం అనుమానించాడు, ఏం ప్రయత్నించాడు, చివరికి ఏది పనిచేసింది అన్నది ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టుకోవడం. పుట్టీ సాఫ్ట్‌వేర్ రచయిత సైమన్ టాథమ్ 1999లో లోపాలను ఎలా నివేదించాలో ఒక వ్యాసం రాశాడు. చాలా భాషల్లోకి వెళ్లిన ఆ వ్యాసం ఇప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంది. చేసింది చేసినట్టు, కనిపించింది కనిపించినట్టు రాయాలి, ఊహలను విడిగా ఉంచాలి అన్నది దాని సారం. ఈ పద్ధతిలో నాలుగు పేజీలు రాసుకున్న విద్యార్థికి ఇంటర్వ్యూలో మాటలు వెతుక్కోవాల్సిన అవసరం రాదు. మీరు ఎదుర్కొన్న కష్టమైన సమస్య చెప్పండి అని ఇంటర్వ్యూ చేసేవారు తరచూ అడుగుతారు. అందరిదీ ఒకటే అయిన ప్రాజెక్టు గురించి బట్టీపట్టి చెప్పే జవాబుకూ, ఆర్‌స్టూడియో ఎందుకు కూలిందో వరసగా చెప్పే జవాబుకూ తేడా ఎదుటివారికి మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. తర్వాతి ప్రశ్న, దానికి తర్వాతి ప్రశ్న వేస్తారు. నిజంగా చేసినవాడు ఎక్కడా తడబడడు.

కాలేజీలకూ ఒక విన్నపం. డాస్‌బాక్స్‌లో 1990ల నాటి టర్బో సీ++ తెరిచి, నీలి తెర మీద ప్రోగ్రాము కొట్టించే ల్యాబులు ఇంకా ఉన్నాయి. ఆ ల్యాబులో ఆరితేరిన పిల్లకు కంపెనీలో వాడే కంపైలర్ ఇన్‌స్టాల్ చేయడమే తెలియదు. మొదటి ఏడాదిలోనే ఒక ల్యాబును పూర్తిగా ఇన్‌స్టాల్ చేయడానికి, చెడగొట్టడానికి, బాగుచేయడానికి కేటాయించవచ్చు. దీనికి డబ్బేమీ కాదు. సొంత ల్యాప్‌టాప్ లేని పిల్లలకు, ముఖ్యంగా హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు, సాయంత్రం ల్యాబు తెరిచి ఉంచితే చాలు. సిస్టమ్ చెడగొడతారన్న భయంతో అడ్మిన్ హక్కులు ఇవ్వకుండా, గంట కొట్టగానే తాళం వేస్తే వారికి నేర్చుకునే చోటే ఉండదు.

తల్లిదండ్రులతో మాట్లాడాల్సింది ఇంకొంచెం ఉంది. పిల్లవాడు రాత్రంతా ఒకే ఎర్రర్‌తో కుస్తీ పడుతుంటే, పక్కింటి అబ్బాయికి ఎంత ప్యాకేజీ వచ్చిందో వినిపించకండి. బాబాయి కూతురు అమెరికాలో ఉందని గుర్తుచేయకండి. పిల్లవాడి మెదడు చక్కగా పనిచేసేది భయం లేనప్పుడే. 'ఇంకా కాలేదా?' అని గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్న అతన్ని మళ్లీ అన్‌ఇన్‌స్టాల్ బటన్ వైపే తోస్తుంది. అడగాలనుకుంటే, 'ఇంతవరకు ఏమేం చూశావు నాన్నా?' అని అడగండి. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని తల్లికి వరసగా చెప్పే ప్రయత్నంలో తాను చూడకుండా వదిలేసిన చోటు పిల్లవాడికే తడుతుంది. వంటింట్లో దోసె పోస్తున్న అమ్మకు చెప్తూ చెప్తూ ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తిన పిల్లల సంగతి చాలా ఇళ్లలో వినపడుతుంది.

అన్నీ ప్రయత్నించాక కూడా ల్యాప్‌టాప్ నిజంగానే చాలకపోవచ్చు. నాలుగు జీబీ ర్యామ్‌తో ఆండ్రాయిడ్ స్టూడియో నడవడం కష్టం, అది పిల్లవాడి తప్పు కాదు. అప్పుడు కూడా మొదట చూడాల్సింది ర్యామ్ పెంచడం, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించడం. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు అయ్యే ఖర్చులో చిన్న భాగంతో పాత యంత్రం మరికొన్నేళ్లు పనిచేసే అవకాశం ఉంది. అయితే ఆ నిర్ణయం టాస్క్ మేనేజర్‌లో మెమరీ నిండిపోతోందని కళ్లారా చూశాక తీసుకోవాలి, దుకాణదారు మాట మీద కాదు.

ఇప్పటికే ఏదైనా సంస్థకు పెద్ద ఫీజు కట్టి, చెప్పినట్టు చెప్పడం లేదని బాధపడుతున్న కుటుంబాలు మౌనంగా ఉండకూడదు. రసీదులు, వాట్సాప్ సందేశాలు, ఉద్యోగ హామీ ఇచ్చిన ప్రకటన అన్నీ భద్రపరచుకోవాలి. డబ్బు వాపసు కోరుతూ సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీకీ అదే లేఖ పంపాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామంటూ ఆన్‌లైన్‌లో డబ్బు లాగినట్టయితే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్ము ఖాతాలు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.